గడియారంలో కమ్మరి

జురాంగ్ ఐలాండ్ (సింగపూర్): హైదరాబాద్‌ వెళ్లొచ్చిన మనవాళ్లలో సాలార్‌జంగ్ మ్యూజియం గడియారం తెలియనివాళ్లు తక్కువ. కానీ దాన్ని మనకు దక్కించిన మనిషి గురించి తెలిసినవాళ్లు కొందరే.

ఆయన మూడో సాలార్‌జంగ్. అసలు పేరు మీర్ యూసుఫ్ అలీఖాన్. 1889 జూన్ 13న పుణెలో పుట్టారు. నెల తిరక్కుండానే తండ్రి పోయారు. తాత, తండ్రి ఇద్దరూ నిజాం దగ్గర దివాన్లుగా చేసినవాళ్లే. 1912లో ఆ పదవి ఈయనకూ వచ్చింది. అప్పటికి వయసు 23. రెండేళ్లకే, 1914లో తప్పుకున్నారు. పెళ్లి చేసుకోలేదు. ఇక బతుకంతా అపురూప వస్తువుల సేకరణకే పెట్టారు.

వాటిలో గడియారాలు బోలెడు. అందరినీ ఆకట్టుకునేది మాత్రం కలకత్తా కుక్ అండ్ కెల్వీ కంపెనీ ద్వారా వచ్చిన ఇంగ్లాండ్ గడియారం. గంట కావడానికి మూడు నిమిషాల ముందు గడ్డం బొమ్మ బయటికొస్తుంది. టైమెంతయితే అన్ని గంటలు కొట్టి లోపలికెళ్లిపోతుంది.

ఇలా బొమ్మలు ఆడే గడియారాలు లండన్‌లో 18వ శతాబ్దంలోనే ఉండేవి. జేమ్స్ కాక్స్ అనే వ్యాపారి వాటిని చైనా కోసమే చేయించి కాంటన్ రేవుకు పంపేవాడు. చైనా తేయాకు ఇంగ్లీషువాళ్లకు కావాలి. బదులుగా చైనావాళ్లు ముచ్చటపడి కొనే సరుకు వీళ్ల దగ్గర తక్కువ. ఈ గడియారాలకు మాత్రం అక్కడ గిరాకీ ఉండేది. పెద్ద అధికారులు కొని చక్రవర్తికి కానుకగా ఇచ్చేవారు. అలా బీజింగ్ కోట గోడల వెనక్కి చేరినవి అప్పట్లో సామాన్యుడి కంటపడే దారే లేదు.

సాలార్‌జంగ్ గడియారానికి ఆ గతి పట్టలేదు. ఆయన 1949 మార్చి 2న కన్నుమూశారు. 1951 డిసెంబర్ 16న ఆయన సొంత దివాన్ దేవిడీలోనే నెహ్రూ మ్యూజియం ప్రారంభించారు. 1961లో పార్లమెంట్ దాన్ని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా ప్రకటించింది. 1968లో మూసీ ఒడ్డునున్న ఇప్పటి భవనంలోకి మార్చారు. ఇప్పుడు టికెట్ కొన్న ఎవరైనా చూడొచ్చు. నవాబుకూ కూలీకీ అక్కడ తేడా లేదు.

ఇక్కడ ప్లాంట్లలో చెమటోడ్చే మనవాళ్లు ఈసారి లీవుకెళ్తే పిల్లల్ని తీసుకెళ్లి చూపించండి. జనమంతా గంటకోసారి వచ్చే గడ్డం బొమ్మ కోసం ఎగబడతారు. మీరు మాత్రం ఆ కమ్మరి బొమ్మను కూడా చూడండి. సెకనుకో దెబ్బ చొప్పున సుత్తితో కొడుతూనే ఉంటాడు. సాలార్‌జంగ్ దివాన్‌గిరీ రెండేళ్ల ముచ్చటే... ఓపికగా సాగిన సేకరణ మాత్రం ముప్ఫై అయిదేళ్లు. ఆయన పేరు ఈనాటికీ నిలబడింది దానివల్లే.