కలియుగ భీముడు కోడి రామమూర్తి

కుప్పము అడవి యంచున రాత్రివేళ పైరు కాచుకొను రైతునకు ఏనుగు బలమెట్టిదో మేము చెప్పనక్కరలేదు. పుంగనూరు, మదనపల్లె వాసులును దానిని విని యెరుగుదురు. అట్టి జంతువును రొమ్ముమీద నిలుపుకొని, అది దిగువరకు ఊపిరి బిగబట్టి, మరల లేచి నిలిచిన తెలుగువాడు కోడి రామమూర్తి నాయుడు.

ఆయన నేటి పార్వతీపురము మన్యము జిల్లాలోని వీరఘట్టమున జన్మించెను. తల్లి చిన్ననాడే గతించెను. బాలునకు చదువుకంటె సాముపైననే మక్కువ. తండ్రి యాతనిని విజయనగరమున పోలీసు శాఖలోనున్న పినతండ్రి యొద్దకు పంపెను. అచ్చట మల్లవిద్య నభ్యసించి, చెన్నపురి సైదాపేటలో శిక్షణము పొంది, విజయనగరమున వ్యాయామోపాధ్యాయుడయ్యెను. ఆ కొలువులోనే నిలిచియున్నచో ఆయన పేరు ఆ జిల్లా దాటియుండదు.

మల్లుడు సర్కసు పెట్టుట దిగజారుట యని తలచువారు కలరు. మేమట్లు తలపము. మల్లరంగమున ఒకని గెలుపు మరియొకని ఓటమి. గుడారములో గెలుపు చూచువారందరిదియు. భారతీయుడు స్వభావముచేతనే దుర్బలుడన్న మాట ఆనాడు దొరల నోట తరచు వెలువడుచుండెను. మనవారును దానిని నమ్మనారంభించిరి. అట్టికాలమున టిక్కెట్టు కొని వచ్చిన గుమాస్తాయు, రైతుబిడ్డయు, రామమూర్తి ఛాతి పొంగించినంతనే ఇనుపగొలుసు తెగుట కన్నులార చూచిరి. చెరియొక దిక్కునకు లాగు రెండు మోటారుకార్లను ఆయన కదలనీయక పట్టి నిలిపెను. దానికి మించిన ఉపన్యాసమేమి కావలయును? ఇంతకును ఆయన శాకాహారి, ప్రాణాయామ సాధకుడు.

లండనులో అయిదవ జార్జి చక్రవర్తి యెదుట ప్రదర్శన మిచ్చి ఇండియన్ హెర్క్యులిస్ యని బిరుదమందెను. 1905 ప్రాంతమున మనదేశమున ప్రదర్శనములిచ్చిన జర్మను బలశాలి శాండోతో పోల్చి ఇండియన్ శాండో యనియు ఆయనను పిలిచిరి. మనవానిని కొలుచుటకు పరదేశపు కొలబద్ద యేలనో మాకు బోధపడదు. జనులు తమంత పెట్టిన కలియుగ భీముడను పేరే మాకు ప్రియము.

గడించిన ధనము నాయన దాచలేదు. దానములకును, దేశకార్యములకును చేతికి ఎముక లేనట్లు వెచ్చించెను. ఇచ్చట మా మనస్సు కలుక్కుమనును. భూస్వామికి ఒక పంట పోయినను పొలము మిగులును; సర్కసువానికి దేహమే పొలము. కాలి పుండు ముదురగా వైద్యులు ఆ కాలిని తీసివేయవలసివచ్చెను. ఏనుగు భారము నోర్చిన దేహము పిదప రంగమున కెక్కలేదు. తుదిదినములు ఒడిశాలో గడపి, 1942 జనవరిలో ఆయన కన్నుమూసెను.

శ్రీకాకుళమున యువకులు నేడును పరుగులు తీయు మైదానము ఆయన పేరు ధరించియున్నది.