నెహ్రూ చేరని మానస సరోవరం

జవహర్‌లాల్ నెహ్రూ అనగానే కోటుకు గులాబీ, చుట్టూ పిల్లలు గుర్తొస్తారు. మంచు పగులులో తాడుకు వేలాడుతున్న నెహ్రూను ఊహించుకోవడం కష్టం. కానీ అదీ జరిగింది.

1916 ఫిబ్రవరిలో ఆయనకు కమలతో పెళ్లయింది. ఆ వేసవికి కుటుంబమంతా కశ్మీర్ వెళ్లింది. అందరినీ లోయలో వదిలేసి, ఓ బంధువుతో కలిసి నెహ్రూ జోజిలా కనుమ దాటారు. అమర్‌నాథ్ గుహ అక్కడికి ఎనిమిది మైళ్లేనని తెలిసి బయల్దేరారు. కొత్తగా కురిసిన మంచు కింద పగులు కనిపించలేదు. అడుగు వేయగానే లోపలికి జారిపోయారు. నడుముకు కట్టుకున్న తాడే కాపాడింది. ముందుకెళ్లేకొద్దీ పగుళ్లు ఎక్కువవడంతో గుహ చూడకుండానే వెనుదిరిగారు. ఆరేళ్ల ముందు నార్వేలోనూ అంతే. మంచు కరిగిన వాగులో ఈతకు దిగి కొట్టుకుపోతుంటే, తోటి ప్రయాణికుడు కాలు పట్టి లాగాడు. భయపడి మానుకునే రకం కాదని అర్థమవుతూనే ఉంది.

మళ్లీ వెళ్లాలని, కైలాస మానస సరోవరాలు చూడాలని కోరిక. ఈలోగా ఉద్యమం వచ్చింది, దాని వెంట జైలు. దాదాపు తొమ్మిదేళ్లు కటకటాల వెనకే గడిచాయి.

డెహ్రాడూన్ జైల్లో మొదటిసారి ఉన్నప్పుడు కొంతకాలం ఉదయం, సాయంత్రం గేటు బయట నడవనిచ్చారు. ఎదురుగా హిమాలయాలు. 1934లో మళ్లీ అక్కడికే తెచ్చినప్పుడు ఆ కొండల కోసమే ఆశగా ఎదురుచూశారు. తీరా చూస్తే ప్రహరీని ఆయన కోసమే నాలుగైదు అడుగులు పెంచారు. కొండలు పోయి చెట్ల కొసలు మిగిలాయి. బయట నడకా లేదు. జైలు బాధల్లో ఇది చిన్నదే కావచ్చు, నాకు మాత్రం ఆత్మకథలో బాగా గుర్తుండిపోయిన చోటు ఇదే.

శీర్షాసనాన్ని మాత్రం ఏ గోడా ఆపలేదు. తలకిందులుగా నిలబడటంలో కాస్త హాస్యం ఉందని, దానివల్లే మనసు తేలికపడి ఓర్పు పెరుగుతోందని ఆయనే రాసుకున్నారు. అహ్మద్‌నగర్ కోటలో పలుగూ పారా పట్టి తోటపని చేశారు.

ప్రధాని అయ్యాక తీరిక మరీ కరువైంది. 1954లో చైనాతో కుదిరిన ఒప్పందంలో కైలాస మానస సరోవర యాత్రికుల రాకపోకలకు వీలు కల్పించారు. యాత్రికులు వెళ్లారు, ఆయన వెళ్లలేదు. అదే ఏడాది డార్జిలింగ్‌లో పర్వతారోహణ శిక్షణ సంస్థ మొదలైంది, టెన్జింగ్ నార్గే అక్కడ శిక్షకుడయ్యారు. 1958లో, 69కి దగ్గరపడిన వయసులో, మోటారు రోడ్డు లేని భూటాన్‌కు నాథులా, చుంబీ లోయ మీదుగా గుర్రాల మీద, జడల బర్రెల మీద కొండలెక్కి వెళ్లారు. దౌత్యం కోసమే వెళ్లారు, నిజమే. ఆ వంకతో కొండల్లో కొన్ని రోజులు దొరికాయి.

1964 జనవరిలో భువనేశ్వర్‌లో పక్షవాతం వచ్చింది. మే నెలాఖరులో విశ్రాంతి కోసం నాలుగు రోజులు వెళ్లింది డెహ్రాడూన్‌కే. 26న ఢిల్లీకి తిరిగొచ్చారు. మర్నాడు మధ్యాహ్నం కన్నుమూశారు.