సవర పలుకు నేర్చిన పంతులుగారు

గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారి పేరు వినగానే వ్యావహారిక భాషోద్యమం స్ఫురించడం పరిపాటి. అంతకు ముందే ఆయన చెవి సవరల పలుకుతో పదునెక్కిందన్న సంగతిని తలచేవారు తక్కువ.

1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం చెంతనున్న పర్వతాలపేటలో ఆయన జన్మించారు. పన్నెండేండ్ల ప్రాయంలో తండ్రి వీర్రాజుగారిని కోల్పోయారు. 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులుగా చేరారు. పరిసరాల కొండలలో వసించే సవరల భాషపై ఆయనకు ఆసక్తి కలిగింది. ఆ భాష తెలిసినవారిని ఇంటికి రప్పించుకొని, మన్యంలో తిరిగి, ఏండ్ల తరబడి దానిని అభ్యసించారు.

సవరకు నాడు లిపి లేదు. ముండా కుటుంబానికి చెందిన ఆ భాషకూ తెలుగుకూ పుట్టుకలో చుట్టరికం లేదు. గొంతును చప్పున బిగించి పలికే హల్లు అందులో ఉన్నది. క్రియ తన కర్మను తనలోనే ఇముడ్చుకొని ఒక్క మాటగా నిలువగలదు. ఇట్టి భాషకు పలికేవారి నోరే ప్రమాణం.

ఒక్క భాషయే ఎరిగినవానికి తన భాషా నిర్మాణం కంటికి ఆనదు. రెండవ భాష వచ్చినపుడే పోలిక పుట్టి, మొదటిదాని స్వరూపం తెలియవస్తుంది. 1907 ప్రాంతంలో పాఠశాలల తనిఖీ అధికారి యేట్సు దొర, ప్రజలు మాట్లాడే తెలుగు ఒకటి, బడిలో నేర్పేది మరొకటి కావడానికి కారణమేమని అడిగినప్పుడు, ఆ ప్రశ్నలోని బరువును గుర్తించగల మనస్సు గిడుగువారికి అప్పటికే ఏర్పడి ఉన్నది. నోటి తెలుగుకూ నియమాలున్నవని ఆయన జీవితాంతం వాదించారు.

సొంత ఖర్చుతో బడులు పెట్టి సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పించారు. ఎరుగని భాషలో తొలిపాఠం చెబితే పిల్లవానికి అక్షరమూ బరువే, అర్థమూ బరువే. ఇంటి భాషలో భావం కుదిరితే రెండవ భాష దానిపై నిలుస్తుంది. రెండు భాషలు బుద్ధిని మందగింపజేస్తాయని పండితులు చాలాకాలం తలచారు. 1962లో పీల్, లాంబర్టు ప్రకటించిన మాంట్రియల్ పరిశీలనలో, రెంటినీ సమంగా ఎరిగిన పదేండ్ల పిల్లలే మేధాపరీక్షలలో మెరుగని తేలింది. ఆ లాభం ఎంతటిదన్న చర్చ తరువాత సాగినా, పాత భయం మాత్రం సడలింది.

ఈ కృషికి పంతులుగారు చెల్లించిన మూల్యం అల్పం కాదు. మన్యపు చలిజ్వరానికి వాడిన క్వినైను వలన ఆయనకు చెముడు వచ్చింది. చెవితో ఆర్జించిన విద్యను చెవి పోయినా విడువలేదు. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు వెలువడ్డాయి. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో చేరగా రాజమహేంద్రవరం తరలివచ్చారు. 1940 జనవరి 22న కన్నుమూశారు.

ఆయన జన్మదినమే నేడు తెలుగు భాషా దినోత్సవం. ఇంట ఒక పలుకు, బడిలో మరొకటి గల పిల్లలు ఇప్పటికీ మన తరగతులలో ఉన్నారు. వారి ఇంటిమాటను తప్పుగా దిద్దక తొలిమెట్టుగా గ్రహించే ఉపాధ్యాయుడే ఆ దినోత్సవాన్ని సార్థకంగా జరిపినవాడు.