ఊరు దాటి పైకొచ్చి, ఊరు దాటనివ్వని చక్రవర్తి

ఈసారి రోము చక్రవర్తి డయోక్లీషియన్ గురించి రాస్తున్నా. పదిహేడు వందల ఏళ్ల కిందటి మనిషితో మనకేం పని అనుకోవద్దు. పనోణ్ణి పని చోటుకు కట్టేసే ముడి ఎట్లా పడుతుందో ఆయన కథలో బాగా కనిపిస్తది.

ఇప్పటి క్రొయేషియాలో, సముద్రం దగ్గరున్న సలోనా పట్నం ప్రాంతంలో, క్రీ.శ. 244 అటూ ఇటూగా పుట్టాడు. సామాన్యుల ఇల్లు. తండ్రి గుమాస్తా అని కొందరు, ఒక పెద్దమనిషి దగ్గర బానిసగా ఉండి విడుదలైనవాడే ఈయన అని కొందరు రాశారు. ఊరు వదిలి సైన్యంలో చేరి, మెట్టు మెట్టు ఎక్కి చక్రవర్తి అంగరక్షకులకు అధికారి అయ్యాడు. 284 నవంబరులో సైనికులే ఆయన్ని చక్రవర్తిని చేశారు.

అప్పటికి రాజ్యం బీటలు వారిన గోడలా ఉంది. అంతకుముందు యాభై ఏళ్లలో ఇరవై మందికి పైగా చక్రవర్తులు మారారు, చాలామంది కత్తికే బలయ్యారు. సరిహద్దుల్లో యుద్ధాలు. వెండి నాణెంలో వెండి దాదాపు మాయమై, ధరలు మండిపోతున్నయి.

పడిపోయే గోడకు మనం సపోర్టులు పెట్టినట్టే ఆయనా పెట్టాడు. 293 నాటికి పాలనను నలుగురికి పంచాడు. రాష్ట్రాలను ఇంచుమించు రెట్టింపు చేశాడు. సైన్యాన్ని పెంచాడు. వీటన్నిటికీ ఖర్చు కావాలి. అందుకే భూమిని కొలిపించి, మనుషుల తలలు లెక్క రాయించి పన్ను వేశాడు.

301లో వెయ్యికి పైగా సరుకులకూ పనులకూ ఇంతకు మించొద్దని రేటు కట్టాడు. లెక్క దెనారియస్ నాణేల్లో. గల్ఫులో మనం చూసే దినార్‌కు పేరు ఆ నాణెం నుంచే వచ్చింది. పొలం కూలీకి తిండి పెట్టి రోజుకు 25, రాతి పనోడికీ వడ్రంగికీ 50, గోడలకు రంగులేసేవాడికి 75. రేటు దాటితే మరణశిక్ష. అయినా సరుకు బజారు నుంచి మాయమైంది, శాసనం పారలేదు. 303 నుంచి క్రైస్తవులను హింసించిన మచ్చ కూడా ఆయన మీద ఉంది.

అసలు ముడి పడింది పన్ను లెక్క దగ్గర. లెక్కలో రాసిన మనిషి ఊరు వదిలితే అక్కడి పన్ను పడిపోతది. అందుకని కౌలు రైతు ఏ పొలంలో లెక్కకెక్కితే అక్కడే ఉండాలన్న పద్ధతి బలపడింది. ఆయన తర్వాత 332లో కాన్‌స్టంటైన్ చక్రవర్తి దాన్ని ఇంకా బిగించాడు: పారిపోయిన కౌలుదారును దాచినవాడు తిరిగి అప్పజెప్పాలి, పారిపోవాలని చూసేవాడికి సంకెళ్లు వేయొచ్చు. రొట్టెలు కాల్చేవాడి కొడుకు రొట్టెలే కాల్చాలి. పేరుకు స్వతంత్రులే, కదలడానికి మాత్రం లేదు.

పన్ను భారం మోయలేని చిన్న రైతులు పెద్ద భూస్వాముల నీడకు చేరారు. 476లో పడమటి రోము సామ్రాజ్యం కూలింది. చక్రవర్తి పోయాడు గానీ భూస్వామి పోలేదు, ముడి కూడా విడలేదు. తర్వాత యూరపులో వందల ఏళ్లు నడిచిన దొరల రాజ్యానికి, దొర పొలం విడిచిపోలేని రైతు బతుక్కి ఒక వేరు ఇక్కడుంది.

మరి డయోక్లీషియన్ ఏం చేశాడు? 305 మే 1న తనంతట తానే పదవి వదిలేశాడు. అంతకుముందు ఏ రోము చక్రవర్తీ అట్లా వదల్లేదు. పుట్టిన ఊరి దగ్గర స్ప్లిట్‌లో కట్టించుకున్న కోటలాంటి భవనంలో కూరగాయలు పండించుకుంటూ ఉండి, 311-312 ప్రాంతంలో చనిపోయాడు. ఊరు దాటే బాగుపడ్డాడు, చాలనుకున్న రోజు పని మానేశాడు. ఈ రెండూ ఆయన రాజ్యంలో కౌలు రైతుకు లేకుండా పోయినయి.

ఆయన్ని దుర్మార్గుడని కొట్టిపారేయలేం. కూలే ఇంటిని నిలబెట్టాలనే చూశాడు. కానీ సపోర్టుగా పెట్టింది మనుషుల్ని. మనమూ సంతకం పెట్టే ముందు కాగితంలో జీతం ఒక్కటే చూడొద్దు. పని మారడానికి, ఇంటికి పోవడానికి దారి ఏం రాశారో చదివించుకోండి. ఒక కాపీ దగ్గరుంచుకోండి. పాస్‌పోర్టు మన చేతిలోనే ఉండాలి. దారి మూసుకుపోయాక ఖల్లివెల్లి అయినోడి కష్టం మన క్యాంపుల్లో తెలియనివాళ్లు లేరు.