గల్వాన్ లోయకు ఆ పేరు ఎవరిది?

2020 జూన్ 15 రాత్రి లడాఖ్‌లోని గల్వాన్ లోయలో 20 మంది భారత సైనికులు ప్రాణాలు అర్పించారు. వారిలో మన సూర్యాపేట బిడ్డ కర్నల్ సంతోష్ బాబు ఒకరు. ఆ రోజుల్లో మన ఇళ్లలో టీవీ పెడితే చాలు, గల్వాన్ అన్న మాటే వినిపించేది. కానీ అది ఒక మనిషి పేరని, ఆయన లేహ్‌కు చెందిన ఓ పేద ముస్లిం అని చాలామందికి తెలియదు.

ఆయనే గులాం రసూల్ గల్వాన్. 1878 ప్రాంతంలో లేహ్‌లో పుట్టారు. కశ్మీరీలో గల్వాన్ అంటే గుర్రాల దొంగ అని అర్థం. పూర్వీకుల్లో ఒకాయన బందిపోటుగా పేరుపడ్డాడు. ఉన్నవాళ్లను దోచి లేనివాళ్లకు పెట్టేవాడని, చివరికి పాలకులు పట్టుకుని ఉరి తీశారని ఆ ఇంట్లో చెప్పుకునేవారు. అలా ఒక నింద ఇంటిపేరుగా మిగిలిపోయింది.

ఇంట్లో పేదరికం. దాంతో రసూల్ పన్నెండేళ్ల వయసులోనే తెల్లదొరల యాత్రల్లో కూలీగా చేరాడు. లేహ్ నుంచి యార్కండ్ వెళ్లే వర్తకుల దారి కారాకోరం కనుమ మీదుగా పోయేది. దాని ఎత్తు 18 వేల అడుగుల పైమాటే. అక్కడ గాలి పలచన, నాలుగడుగులు వేస్తే ఆయాసం, రాత్రయితే తలపోటు. గుర్రాలకు మేత దొరకదు. దారి పొడవునా చచ్చిపోయిన గుర్రాల ఎముకలు పడి ఉండేవి. దారి తప్పలేదని బాటసారికి అవే గుర్తు. పొయ్యిలోకి ఎండిన పేడ, చిన్న పొదల వేళ్లే దిక్కు.

అయినా ఆ ఎడారి కొండల్లో ప్రాణికోటి ఉంది. కియాంగ్ అనే అడవి గాడిదలు మందలుగా తిరుగుతాయి. మెత్తని ఉన్ని ఉండే చీరు జింకలు, నల్లని అడవి యాక్‌లు అక్కడివే. లేహ్ బజారులో యార్కండీలు, కశ్మీరీలు, పంజాబీలు, టిబెటన్లు ఒకేచోట బేరాలు చేసేవారు. బడి చదువు పెద్దగా లేని రసూల్‌కు ఆ బజారే బడి అయింది. లడాఖీతో పాటు తుర్కీ, ఉర్దూ మాట్లాడేవాడు. కశ్మీరీ, టిబెటన్ కూడా కొంత వచ్చు.

1892లో డన్మోర్ ప్రభువు పామీర్ యాత్రకు వెళ్లినప్పుడు రసూల్‌కు పద్నాలుగేళ్లు. నిటారు కొండల మధ్య బృందం చిక్కుకుపోయిందని, ఈ కుర్రాడే లోయ వెంట దారి వెతికి అందరినీ బయటికి తెచ్చాడని, సంతోషించిన దొర ఆ నదికి గల్వాన్ అని పేరు పెట్టాడని ఆయన వారసులు చెబుతారు. నదులకూ కొండలకూ దొరలు తమ పేర్లే పెట్టుకుంటున్న కాలం అది.

1895లో లిటిల్‌డేల్ దంపతులతో టిబెట్ దాటారు. లాసా ఇంకా 50 మైళ్ల దూరం కూడా లేదనగా టిబెటన్లు అడ్డుకున్నారు. వెనుదిరగక తప్పలేదు. అప్పటికే సామాను మోసే పశువుల్లో చాలావరకు చచ్చిపోయాయి.

తర్వాత రాబర్ట్ బారెట్ అనే అమెరికన్ యాత్రికుడి దగ్గర పనిచేశారు. అప్పటికి రసూల్‌కు ఇంగ్లీషు పట్టుమని పది మాటలు వస్తాయేమో. దొరల పుస్తకాల్లో కూలీల పేర్లు అరుదుగా కనిపిస్తాయి. ఈయన మాత్రం కిందామీదా పడి ఇంగ్లీషు నేర్చుకుని తన కథ తానే రాసుకున్నారు. బారెట్ భార్య ఆ వచ్చీరాని ఇంగ్లీషును దాదాపు అలాగే ఉంచింది. 1923లో అచ్చయిన ఆ పుస్తకానికి యంగ్‌హజ్బెండ్ ముందుమాట రాశారు. చిన్నప్పుడు రసూల్ కూలీగా నడిచింది ఆయన వెంటే!

చివరికి లేహ్‌లో అక్సకాల్ అయ్యారు. తుర్కీలో ఆ మాటకు తెల్లగడ్డం పెద్దాయన అని అర్థం. మధ్య ఆసియా నుంచి వచ్చే వర్తకుల బాగోగులు చూసే పదవి అది. 1925లో కన్నుమూశారు.

దొంగ అన్న మాట ఇంటిపేరుగా పుట్టిన పిల్లవాడు ఆ పేరును మార్చుకోలేదు, దాచుకోలేదు. తన కష్టంతో దానికి గౌరవం తెచ్చాడు. గల్వాన్ పేరు మళ్లీ విన్నప్పుడు మన పిల్లలకు సంతోష్ బాబు త్యాగంతో పాటు గులాం రసూల్ కథ కూడా చెబుదాం.