ఆచార్య మామిడిపూడి వేంకటరంగయ్యగారు

రాజుల వంశావళులును, యుద్ధముల తేదీలును చరిత్ర యనిపించుకొనిన కాలమున, తాలూకా బోర్డులును శాసనసభలును పండితులు పరిశోధింపదగిన విషయములని గుర్తించిన మహనీయులు వేంకటరంగయ్యగారు.

వీరు 1889వ సంవత్సరమున నెల్లూరు జిల్లా పురిణి గ్రామమున జన్మించిరి. మదరాసు పచ్చయప్ప కళాశాలలో చదివి పట్టభద్రులై, అధ్యాపకవృత్తి నవలంబించిరి. వాల్తేరునందలి ఆంధ్ర విశ్వవిద్యాలయమునను, పిదప బొంబాయి విశ్వవిద్యాలయమునను ఆచార్యపదవి నలంకరించిరి. మదరాసు రాజధానిలోని స్థానిక బోర్డుల వికాసమును గూర్చి గ్రంథము రచించిరి. 1884 నాటి శాసనముతో రూపుదాల్చిన యా బోర్డులు ప్రజలకు స్వపరిపాలనమున తొలి బడులు.

స్వతంత్ర భారతమున తొలి సాధారణ ఎన్నికలు 1951-52లో జరిగెను. ఇరువదియొక్క యేండ్లు నిండిన స్త్రీపురుషుల కందఱకు ఓటుహక్కు కలిగెను. ఓటరుల సంఖ్య 17 కోట్లకు మించెను. వారిలో పెక్కుమంది నిరక్షరాస్యులు. చదువురానివారు పాలకుల నెన్నుకొనజాలుదురా యను సంశయము లోకమున బలముగా నుండెను. ఆచార్యులవారు పొగడ్తకుగాని తెగడ్తకుగాని పూనుకొనక, బొంబాయి నగరమున జరిగిన యెన్నికను పరిశీలించి, 1953లో గ్రంథముగా వెలువరించిరి. ప్రజాస్వామ్యమును ఊహలతో గాక, జరిగినదానిని చూచి తూచవలెననుట వారి మార్గము.

1959లో ఆంధ్రప్రదేశమున పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు ఏర్పడగా, వృద్ధాప్యమునను వారి దృష్టి ఆ వ్యవస్థపై నిలిచెను. ఆంధ్రమున స్వాతంత్ర్యసమర చరిత్ర సంపుటములు వారి సంపాదకత్వమున 1965 నుండి వెలువడెను. తెలుగు విజ్ఞాన సర్వస్వ రచనయందును వారు పాలుపంచుకొనిరి. 1968లో భారతప్రభుత్వము పద్మభూషణ బిరుదముతో సత్కరించెను. పిదప పరమపదించిరి.

మౌలాలికి చేరువనున్న సికిందరాబాదున వారి పేర నెలకొన్న సంస్థ, కూలిపనులలో మ్రగ్గు బాలబాలికలను బడులకు చేర్చుచు ప్రసిద్ధి గాంచినది. దానికి సారథ్యము వహించి 2003లో మెగసెసె పురస్కారము నందుకొనిన శాంతాసిన్హాగారు వారి మనుమరాలు, రాజనీతిశాస్త్రాచార్యులు.

శిస్తు కట్టిన రైతు రసీదు నడిగి పుచ్చుకొనును. ఓటు వేసిన పౌరుడును అట్లే శాసనసభ చేసిన పనికి లెక్క యడుగవలెను. ఆ లెక్కను చదువ నేర్పుటకే ఆచార్యులవారు తమ జీవితమును వెచ్చించిరి. గ్రంథాలయములు నిలుచుటయు అందులకే.