యంత్రోపాసకుడు జి. డి. నాయుడు

కల్వకుర్తి ప్రాంతము మెట్టసీమ. కాలువనీరు వచ్చుటకు ఎంతోకాలము ముందునుండి అచ్చటి సేద్యము బావులను, ఆ పిమ్మట బోరుబావులను నమ్ముకొన్నది. నీరెంత లోతున ఉన్నను మోటారు తిరిగినంతవరకే పైరు పచ్చగా నుండును. మోటారు చెడినచో రైతు దానిని బండిమీద వేసికొని పట్టణమునకు పరుగెత్తును. వైండింగు కాలినచో కొత్త రాగితీగ చుట్టుదురు. షాఫ్టు అరిగినచో లేతు మిషనుకు పట్టి సరిచేయుదురు. ఆ దుకాణములకు వచ్చు మోటార్ల మీదను పంపుల మీదను తరచుగా కనబడు ఊరిపేరు కోయంబత్తూరు. తమిళనాడు పడమటి అంచున, పాలక్కాడు కనుమకు చేరువనున్న ఆ నగరము దక్షిణదేశపు పొలములకు నీరు తోడు యంత్రములను ఎట్లు పంపగలిగినదో తెలియవలెనన్నచో ఒక తెలుగు రైతుబిడ్డ కథ తెలియవలెను. ఆయన పూర్తిపేరు గోపాలస్వామి దొరస్వామి నాయుడు. లోకమునకు జి. డి. నాయుడు.

కోయంబత్తూరు సీమకు తెలుగువారు నిన్నమొన్న పోయినవారు కారు. విజయనగర రాజులు, ఆపై నాయకరాజులు ఏలిన కాలములో అటు వలసపోయి, నల్లరేగడి నేలలను సాగులోకి తెచ్చిన కుటుంబములు ఇంట తెలుగును, వీథిలో తమిళమును మాటాడుచు తరములు గడపినవి. ప్రత్తి వారి ముఖ్యమైన పంట. ఆ ప్రత్తిని చూచియే 1888లో స్టేన్సు దొర అచ్చట నూలుమిల్లు పెట్టినాడు. తరువాత ఒకదాని వెనుక ఒకటి మిల్లులు లేచినవి. మిల్లు ఉన్నచోట మరమ్మతు ఉండును. మరమ్మతు ఉన్నచోట కొలిమి, దిమ్మె, లేతు మిషను ఉండును. అట్టి ఊరికి సమీపమున కలంగల్ అను పల్లెలో 1893 మార్చి 23వ తేదీన దొరస్వామి పుట్టినాడు. పసితనములోనే తల్లి గతించినది. తండ్రి సేద్యము చేసికొని బ్రతుకువాడు.

బడి ఆ పిల్లవానికి పడలేదు. పంతులుగారిపై ఇసుక చల్లి పారిపోయెడివాడని చెప్పుదురు. మూడవ తరగతితో చదువు ముగిసినది. పేరు గడించినవారి చిన్ననాటి ఆగడములను ముచ్చటగా చెప్పుకొనుట లోకరీతి. పేరు రానివారి ఆగడములను ఎవ్వరును వ్రాయరు. ఆ రోజులలో బడి మానిన పల్లెపిల్లలు వేలకొలది ఉండిరి. దొరస్వామిని వారినుండి వేరుచేసిన సంగతి తరువాత జరిగినది.

యౌవనములో ఒకనాడు ఆంగ్లేయుడైన ఒక రెవెన్యూ అధికారి మోటారు సైకిలెక్కి పోవుచుండగా ఆతడు చూచినాడు. అది కోవెంట్రీ నగరములో తయారైన రడ్జి బండి, 1912 నాటిది. ఎద్దు లేదు, గుర్రము లేదు; కడుపులో నిప్పు పెట్టుకొని ఇనుము తనంత తాను పరుగెత్తుచున్నది. దానిని చూచినవారు పల్లెలో ఇంకను ఎందరో ఉందురు. దొరస్వామికి మాత్రము ఆ బండి కావలెనని బుద్ధి పుట్టినది. ఎక్కి తిరుగుటకు కాక, లోపల ఏమున్నదో చూచుటకు కావలెను. చేతిలో కాసు లేదు. కోయంబత్తూరుకు పోయి ఒక హోటలులో వడ్డించు పనికి కుదిరినాడు. ఇంచుమించు మూడేండ్లు పళ్లెములు మోసి, రూపాయి మీద రూపాయి కూడబెట్టి ఆ రడ్జినే కొన్నాడు.

కొన్న బండిపై ఊరేగలేదు. ఒక్కొక్క మరను విప్పి, భాగములన్నిటిని వేరుచేసినాడు. మరల ఒక్కటిగా కూర్చినాడు. ఈ మాట చెప్పుట సులభము. ఆ కాలపు రడ్జి ఇంజనులో ఒకే సిలిండరు. దాని లోపల పిస్టను, కవాటములు, నిప్పురవ్వ పుట్టించు మాగ్నెటో, వెనుకచక్రమునకు శక్తిని అందించు పట్టె ఉండును. కవాటము తెరచుకొనుటకు, మూసికొనుటకు ఒక క్షణమున్నది. రవ్వ పడుటకు ఒక క్షణమున్నది. పళ్లచక్రము ఒక్క పన్ను తప్పి కూర్చుండినను ఇంజను పలుకదు. చదువుటకు పుస్తకము లేదు, ఉన్నను భాష రాదు. ఏది ఏ వరుసలో ఊడినదో జ్ఞాపకముంచుకొని, ఆ వరుసను తిరుగవేసి బిగించుటయే ఉపాయము. అట్లు విప్పి బిగించుటలో ప్రతి భాగము తన పని తానే చెప్పును. దొరస్వామి చదివిన కళాశాల అది. అక్కడినుండి మెకానిక్కయినాడు.

ఈ తీరు విద్య మన చిన్న పట్టణములకు తెలియనిది కాదు. కల్వకుర్తి వంటి ఊరిలో ఒకడు సొంతముగా దుకాణము పెట్టదలచి ముప్పది, నలుబది ఏండ్లు పనిచేసిన లేతు మిషనును కొని ఇంటికి తెచ్చుకొన్నాడనుకొందము. అది మోసుకొనివచ్చిన మంచము వంటిది కాదు, దింపినచోట పడవేయుటకు. మొదట దాని బెడ్డును వ్రేలితో తడవి చూడవలెను. చక్కు తిరుగు తలవైపున అరుగుదల ఎక్కువగా నుండును, ఏలననగా పని అంతయు అచ్చటనే జరిగియుండును. చక్కును పట్టి ఊపినచో కదలరాదు. కదలినచో బేరింగు పోయినదని అర్థము. గట్టి కాంక్రీటు దిమ్మె కట్టి, బోల్టులు బిగించి, రసమట్టము పెట్టి నిలువునను అడ్డమునను సమము చేయవలెను. ఒక మూల వెంట్రుకవాసి దిగినను బెడ్డు మెలితిరుగును. మెలిపడిన బెడ్డుపై కోసిన కడ్డీ ఒక కొనకు లావు, మరొక కొనకు సన్నము అగును. అందుచేత అనుభవజ్ఞుడు ముందుగా ఒక కడ్డీని కోసి, రెండు కొనలను మైక్రోమీటరుతో కొలిచి, తేడా పోవువరకు దిమ్మె బోల్టులను సవరించుచునే యుండును. రెండుమూడు దినములు పట్టవచ్చును. ఆ దినములలో ఆతడు నేర్చినది ఇంకెచ్చటను దొరకదు.

లేతు మనకు పూర్తిగా పరాయిది కాదు. కొయ్యను త్రిప్పి చెక్కు సాధనమును తరిమెన అనిరి. ఏటికొప్పాక లక్కబొమ్మలు అట్లు తిరిగినవే. ఇనుమును అంత సుళువుగా, అంత కచ్చితముగా కోయు యంత్రమునకు రూపము వచ్చినది మాత్రము ఇంగ్లండులో, 1800 ప్రాంతమున. హెన్రీ మాడ్‌స్లీ అను కార్మికుడు పనిముట్టును మనుష్యుని చేతిలోనుండి తీసి, జారుడు పీటపై బిగించి, మరసూత్రముతో నడిపించినాడు. ఆతడును బడిలో నేర్చినవాడు కాడు. పండ్రెండవ యేట వుల్విచ్ ఆయుధశాలలో తూటాలు నింపు పనిలో చేరినవాడు. లేతుకు ఒక వింత గుణమున్నది. లేతుతో మరొక లేతునకు కావలసిన భాగములను చేసికొనవచ్చును. ఒక దేశమునకు యంత్రములు కొనుటకును, యంత్రములు చేయుటకును గల దూరమంతయు ఈ గుణములోనే ఇమిడియున్నది. దొరస్వామి నాయుడుగారి తరువాతి జీవితమంతయు ఆ దూరమును దాటుటకు చేసిన ప్రయత్నము.

నడుమ ఒక ఎదురుదెబ్బ తగిలినది. ప్రత్తి వ్యాపారములో దిగి కొంత సంపాదించి, బొంబాయిలో బేరమాడి పోగొట్టుకొన్నారు. మరల యంత్రము వద్దకే వచ్చినారు. 1920లో, స్టేన్సు దొర తోడ్పాటుతో ఒక మోటారు బస్సు సంపాదించి, పొల్లాచ్చి నుండి పళనికి తామే నడపినారు. పళని సుబ్రహ్మణ్యస్వామి క్షేత్రము; యాత్రికులకు కొదువ లేదు. ఆ ఒక్క బస్సే కొలది సంవత్సరములలో యూనివర్సల్ మోటార్ సర్వీస్ అను పెద్ద సంస్థయై, క్రమము తప్పని నడకకు పేరెన్నికగన్నది. ఆ క్రమమునకు మూలము గుర్తింపదగినది. ఆ రోజులలో విడిభాగము సీమనుండి ఓడలో రావలెను. వచ్చువరకు బండి షెడ్డులో పడియుండవలెను. అట్టి కాలమున అరిగిన భాగమును విప్పి, చూచి, తన ఊరిలోనే సరిచేయించగల యజమాని ముందు, బిల్లు చెల్లించుట మాత్రమే తెలిసిన యజమాని నిలువలేడు.

బస్సులు ధనమిచ్చినవి, ధనము ప్రయాణములకు దారి యిచ్చినది. 1930వ దశకములో నాయుడుగారు ఐరోపాకు వెళ్లినారు. జర్మనీ కర్మాగారములు వారిని విశేషముగా ఆకర్షించినవి. 1936లో లండనులో అయిదవ జార్జి చక్రవర్తి అంత్యయాత్రను తమ కెమెరాతో స్వయముగా చిత్రీకరించినారు. కెమెరా చేతికి వచ్చిన వెంటనే దానికి దూరము సవరించు ఉపకరణము కనిపెట్టుట వారి స్వభావము. పొడి బ్యాటరీతో తిరుగు చిన్న మోటారు అమర్చిన రసంత్ అను క్షౌరపు కత్తి, మిక్కిలి పలుచని బ్లేడులు, పండ్లరసము తీయు యంత్రము, కిరసనాయిలుతో తిరుగు పంకా, మోసమునకు చోటీయని వోటుయంత్రము, ఇట్లు వరుసగా వచ్చినవి. వీనిలో కొన్ని వింతవస్తువులుగానే మిగిలినవని ఒప్పుకొనవలెను. ఒక పనిని చివరివరకు సాగదీయు ఓర్పు కంటె క్రొత్తపని మొదలుపెట్టు ఉత్సాహము వారిలో ఎక్కువ.

మోటారు సంగతి వేరు. 1932లో నీలగిరులలోని పైకారా జలవిద్యుత్కేంద్రము పనిచేయ నారంభించినది. కోయంబత్తూరు మిల్లులకు, పొలములకు కరెంటు వచ్చినది. తీగ వచ్చిన పిదప బావి గట్టున మోటారు కావలెను. మోటారు మాత్రము విదేశమునుండియే రావలెను. 1937లో పీలమేడులోని నేషనల్ ఎలక్ట్రిక్ వర్క్సునుండి, దేశములో తయారైన తొలి విద్యుత్ మోటారుగా పేరుపొందిన మోటారు వెలువడినది. ఈ పనిలో నాయుడుగారితో డి. బాలసుందరం నాయుడుగారు కలిసి పనిచేసినారు. ఆ గౌరవములో ఆయనకు పాలు తప్పక ఈయవలెను. చిన్న మోటారులో తిరుగు భాగమునకు, తిరుగని భాగమునకు నడుమ సందు పావు మిల్లీమీటరు మొదలు అర మిల్లీమీటరు వరకు ఉండును. షాఫ్టు ఆ మాత్రము వంకరపోయినను రెండును రాచుకొని కాలిపోవును. అనగా మంచి లేతు, దానివెనుక మంచి చేయి లేనిదే మోటారు లేదు. కృష్ణ నీటిని మూడు మెట్లుగా ఎత్తిపోయు కల్వకుర్తి పథకములో ఇప్పుడు ఒక్కొక్కటి 30 మెగావాట్ల మోటార్లు తిరుగుచున్నవి. వానికిని నియమము అదియే.

1941లో అయిదు వాల్వుల రేడియోను 70 రూపాయలకు తయారుచేయగలనని నాయుడుగారు ప్రకటించినారు. 1944లో వాహన వ్యాపారపు బాధ్యతలనుండి తప్పుకొని, పరిశోధనలకు, ఉద్యోగుల క్షేమమునకు, అణగారినవారికి ధనము కేటాయించినారు. వారి మనస్సు అప్పటికి విద్యపై పడినది. వారి విరాళముతో, నాటి మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ పేరిట కోయంబత్తూరులో పాలిటెక్నిక్, ఇంజనీరింగు కళాశాల వెలసినవి. 1945లో, మూడవ తరగతి చదివిన వ్యక్తి ఇంజనీరింగు కళాశాలకు ప్రిన్సిపాలైనారు.

వారి జీవితములో అన్నిటికంటె ఆలోచింపదగిన ఘట్టము ఇదియే. నాలుగేండ్ల చదువు కాలహరణమనియు, ఇంజనీరుకు కావలసినది రెండేండ్లలో నేర్పవచ్చుననియు వారు వాదించినారు. రడ్జి బండిని విప్పి బిగించిన మనిషికి, నల్లబల్ల మీద గీసిన ఇంజను ముందు నెలలకొలది కూర్చుండుట ఎట్లు తోచియుండునో ఊహింపవచ్చును. ప్రభుత్వము అంగీకరించలేదు. నాయుడుగారు పదవి వదలుకొన్నారు.

ఎవరిది న్యాయము? సర్కారు పక్షమునను మాట లేకపోలేదు. వంతెన దూలము ఎంత బరువు మోయునో విప్పి చూచి తెలిసికొనుటకు వీలులేదు, లెక్క కట్టవలెను. మోటారులోని అయస్కాంతబలము కంటికి కనబడదు, చేతికి తగులదు. ఆ లెక్కలకు కాలము కావలెను. నాయుడుగారి వంటి కన్ను అందరికుండదు. అట్టి కన్ను లేనివారికి పుస్తకమే ఊతకర్ర. అయినను, వారి ప్రశ్నను సర్కారు తిరస్కరించినదేగాని, దానికి జవాబు చెప్పలేదు. యంత్రమును తాకకుండ పట్టము పుచ్చుకొని, అరిగిన బుష్షు ముందు నిలబడి తెల్లబోవు ఇంజనీరును ప్రతి కర్మాగారము చూచినది. ఆ బుష్షును నిమిషములో పట్టివేయు లేతు కార్మికునకు ఏ పట్టమును లేదు.

స్వాతంత్ర్యము వచ్చిన తరువాతను కాగితముతో వారి తగవు తీరలేదు. 1952లో ఇద్దరు కూర్చుండు చిన్న పెట్రోలు కారును తయారుచేసినారు. వెల 2,000 రూపాయలు. లైసెన్సు రాలేదు, కారు నిలిచిపోయినది. సామాన్యుని కారు అను మాట మరల వినవచ్చుటకు దేశము చాలకాలము వేచియుండవలసివచ్చినది. నాయుడుగారు పొలమువైపు తిరిగినారు. ప్రత్తిలో, మొక్కజొన్నలో, బొప్పాయిలో కొత్తరకములను వెదకినారు. సి. వి. రామన్, విశ్వేశ్వరయ్యగారల వంటి పెద్దలు ఆ తోటను చూచి వచ్చినారు. రైతుకొడుకు మరల రైతయినాడని అనుకొనవచ్చును. మొక్కనుగూడ యంత్రమువలె భాగభాగముగా పరీక్షించినాడని అనినను తప్పులేదు.

1967లో వారి పేరిట పారిశ్రామిక ప్రదర్శనము ఏర్పడినది. 1974 జనవరి 4వ తేదీన వారు కన్నుమూసినారు. కోయంబత్తూరులో అవినాశి రోడ్డుపై ఆయన సేకరించిన, కనిపెట్టిన వస్తువుల ప్రదర్శనశాల ఉన్నది. ఆ రోడ్డు మీదనే కట్టిన పది కిలోమీటర్ల పైవంతెనకు 2025 అక్టోబరులో ఆయన పేరు పెట్టినారు. ఆయన వదలి వచ్చిన కళాశాల ప్రభుత్వ సాంకేతిక కళాశాల అను పేరుతో నడుచుచున్నది. అచ్చటి ఇంజనీరింగు చదువు నేటికిని నాలుగేండ్లే.